కలబంద రసం తాగవచ్చా, పూతకే వాడుకోవాలా?

ప్రశ్న: పర్లాకిమిడి గృహిణి

అందరికీ నమస్కారం. మేము గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటాము. నా పుట్టిల్లు ఉద్దానంలో, కవిటి దగ్గర ఒక పల్లె. మా గుమ్మానికి దిష్టి తగలకుండా తలకిందులుగా కట్టిన కలబంద ఒకటి, పెరట్లో కుండీల్లో మరో ఆరేడు మొక్కలు ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటిని ముఖానికి, జుట్టుకు రాసుకోవడానికి తప్ప మరి దేనికీ వాడలేదు. ఈ రెండు నెలల్లో మా ఇంట్లో జరిగిన కొన్ని సంగతుల వల్ల ఈ మొక్క గురించి తెలిసినవారిని అడగాలనిపించింది.

మొదటిది మా అత్తగారి విషయం. ఆవిడకు 68 ఏళ్లు. మధుమేహానికి, రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. రక్తపోటు మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది. మా వీధిలోని ఒడియా పెద్దావిడ ఒకరు పరగడుపున ఘికువారి (కలబంద) రసం తాగితే చక్కెర తగ్గుతుందని, మలబద్ధకం పోతుందని చెప్పగా, అత్తగారు రోజుకొక ఆకును తొక్కతో సహా మిక్సీలో వేసి, వడగట్టి, అర గ్లాసు చొప్పున తాగడం మొదలుపెట్టారు. మూడో రోజు రాత్రి నుంచి కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాటికి పిక్కలు పట్టేసి మంచం దిగలేకపోయారు. రసం మాన్పించి, ఓఆర్ఎస్ నీళ్లు తాగించాక రెండు రోజులకు తేరుకున్నారు. ఒంట్లోని చెడు పోతున్నప్పుడు అలాగే ఉంటుందని, నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుందని ఆ పెద్దావిడ అంటున్నారు. అత్తగారు కూడా ఆ మాట నమ్మి మళ్లీ మొదలుపెడతానంటున్నారు.

రెండవది మా అమ్మాయి విషయం. అరిసెలు వండుతుండగా నూనె చింది ముంజేతి మీద రూపాయి బిళ్లంత మేర కాలింది. అప్పుడు కలబంద గుజ్జు రాస్తే మంట చప్పున తగ్గింది, మచ్చ కూడా పడలేదు. ఇంత మేలు చేసిన మొక్కే అత్తగారిని అంత ఇబ్బంది పెట్టడం నాకు అర్థం కాలేదు.

ఇక మా తోటికోడలు ఐదో నెల గర్భిణి. ఆమెకూ మలబద్ధకం ఉంది కనుక ఇదే రసం ఇవ్వమని సలహాలు వస్తున్నాయి. కవిటిలో మా నాన్నగారికి ఏడాదిగా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును తెలిపే కొలత) ఎక్కువగా ఉంటోంది. కలబంద కిడ్నీలను శుభ్రం చేస్తుందని ఎవరో చెబితే మా తమ్ముడు సీసాలో అమ్మే రసం కొని తెచ్చాడు. నాన్నగారు ఇంకా మూత తీయలేదు. వీరిలో ఎవరు వాడవచ్చు, ఎవరు వాడకూడదు, వాడితే ఎలా వాడాలి అన్నది దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: విశ్రాంత ఫార్మసిస్టు, బరంపురం

అమ్మా, మిగతా సంగతులు తరువాత. మీ అత్తగారిని ఆ రసం మళ్లీ ముట్టనివ్వకండి. ఆవిడకు వచ్చినది ఒంట్లోని చెడు పోవడం కాదు. ఒంట్లోని నీరు, దానితోపాటు పొటాషియం పోవడం. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రల్లో చాలావాటి వల్ల పొటాషియం ముందే కొంత తగ్గుతుంది. దాని మీద విరేచనాలు కూడా తోడైతే పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె లయ తప్పడం వరకూ వెళ్లవచ్చు. ఒకసారి రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూపించి, ఆ కాగితాలు వైద్యునికి ఇవ్వండి. రసం తాగిన సంగతి ఆయన దగ్గర దాచవద్దు.

మీకు అర్థం కాలేదన్న విషయానికి జవాబు ఆకులోనే ఉంది. ముదిరిన ఆకు ఒకటి మొదలంటా కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గాజు గ్లాసులో నిలబెట్టి చూడండి. కాసేపటికి అంచు నుంచి పసుపు రంగు పసరు చుక్కలు చుక్కలుగా దిగి గ్లాసు అడుగున చేరుతుంది, గాలి తగిలిన కొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. వేలి కొసతో నాలుకకు తాకిస్తే ఆ చేదు చాలాసేపటి వరకు వదలదు. ఇప్పుడు ఆ ఆకునే అడ్డంగా కోయండి. బయట ఆకుపచ్చని మందపు తొక్క, దాని లోపలి అంచును ఆనుకొని సన్నని నాళాల వరుస, మధ్యలో అద్దంలా తేటగా ఉండే గుజ్జు కనిపిస్తాయి. పసుపు పసరు ఆ నాళాల పక్కనున్న కణాల్లో ఉంటుంది. గుజ్జులో దాదాపు 98, 99 శాతం నీరే; మిగిలిన కొద్దిపాటి భాగంలో జిగటనిచ్చే పాలిశాకరైడ్లు, అంటే ఎసిమన్నాన్ వంటివి ఉంటాయి. పసరులో ఉండేవి వేరు. అలోయిన్, అలో ఎమోడిన్ వంటి ఆంత్రాక్వినోన్లు, అంటే విరేచనం కలిగించే రసాయనాలు అక్కడ ఉంటాయి. అంటే ఒకే ఆకులో రెండు వేర్వేరు మందులు పక్కపక్కనే ఉన్నాయన్నమాట. మీ అమ్మాయి చేతికి రాసినది గుజ్జు. మీ అత్తగారు తొక్కతో సహా రుబ్బి తాగినది ప్రధానంగా పసరు. కలబంద గురించి మన ఇళ్లలో నడిచే వాదాలలో చాలావరకు ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లనే పుడుతున్నాయి.

పసరు పని చేసే తీరు తెలుసుకుంటే దాని ప్రమాదమూ తెలుస్తుంది. అలోయిన్ చిన్న పేగులో అంతగా జీర్ణం కాకుండా పెద్ద పేగు వరకు వెళుతుంది. అక్కడి బాక్టీరియా దానిని విడగొట్టి చురుకైన రూపానికి మారుస్తాయి. ఆ రూపం పేగు గోడను రెచ్చగొట్టి కదలికలను పెంచుతుంది, నీటిని తిరిగి పీల్చుకోనివ్వదు. అందుకే తాగిన వెంటనే కాక, 6 నుంచి 12 గంటల తరువాత దాని ప్రభావం కనిపిస్తుంది. పొద్దున తాగినవారికి రాత్రికి కడుపు నొప్పి మొదలవుతుంది. ఈ పసరును ఎండబెట్టి గడ్డగా చేసినదే ముసాంబరం. పూర్వం వైద్యులు దానిని బఠాణీ గింజలో సగమంత కూడా లేని మోతాదులో, కొద్ది రోజులకు మాత్రమే ఇచ్చేవారు. మిక్సీలో రుబ్బిన ఆకులో అది ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే మొక్క వయసును బట్టి, కాలాన్ని బట్టి, ఆకును బట్టి అది మారిపోతుంది.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో, చీటీ లేకుండా దుకాణాల్లో అమ్మే విరేచన మందుల నుంచి కలబంద పసరును తొలగించింది. అది సురక్షితమని చూపే సమాచారాన్ని తయారీదారులు సమర్పించకపోవడమే కారణం. ఆ తరువాత అదే దేశపు జాతీయ విష పరీక్షల విభాగం, పసరు తీయని మొత్తం ఆకు సారాన్ని ఎలుకలకు తాగే నీటిలో రెండేళ్లపాటు ఇచ్చి చూస్తే, వాటి పెద్ద పేగులో కణితులు ఏర్పడ్డాయి. దానిని ఆధారం చేసుకొని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ మొత్తం ఆకు సారాన్ని, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న 2బి వర్గంలో చేర్చింది. ఇది విని ముఖానికి గుజ్జు రాసుకునేవారు బెదిరిపోనవసరం లేదు, ఆ నిర్ణయం పసరుతో కూడిన మొత్తం ఆకు సారానికి సంబంధించినది. కాని నెలల తరబడి రోజూ తొక్కతో సహా తాగేవారు మాత్రం దీనిని గుర్తుంచుకొని తీరాలి.

సీసా రసాల సంగతి. మంచి తయారీదారులు తొక్క తీసేసి లోపలి గుజ్జునే వాడతారు, లేదా మొత్తం ఆకును రుబ్బి బొగ్గు పొడి గుండా వడగట్టి పసరును తొలగిస్తారు. తాగే రసంలో అలోయిన్ పదిలక్షల భాగాలకు 10 భాగాలు మించకూడదని ఆ పరిశ్రమవారి అంతర్జాతీయ మండలి ప్రమాణం పెట్టుకుంది. సీసా మీద తయారీ పద్ధతి గాని, అలోయిన్ పరిమాణం గాని రాసి లేకపోతే నేనైతే కొనను. రాసి ఉన్నా సరే, చక్కెర మాత్రలు వేసుకునేవారు వైద్యునికి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. గుజ్జు రసం వల్ల రక్తంలో చక్కెర కొంత తగ్గినట్లు కొన్ని చిన్న పరిశోధనల్లో కనబడింది. అది మాత్రల స్థానంలో నిలబడేంత గట్టి ఆధారం కాదు గాని, మాత్రలతో కలిసినప్పుడు చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉంటుంది. గుండెకు డిగాక్సిన్ అనే మందు వాడేవారికి పొటాషియం తగ్గడం ప్రాణం మీదికి తెస్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు కూడా తాగకూడదు.

మీ తోటికోడలికి అసలే వద్దు. పసరు పెద్ద పేగుతో పాటు గర్భాశయాన్ని కూడా ప్రేరేపించగలదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 12 ఏళ్ల లోపు పిల్లలకు దానిని ఏ రూపంలోనూ లోపలికి ఇవ్వకూడదన్నది వైద్యులు సాధారణంగా చెప్పే జాగ్రత్త. నీళ్లు, పండ్లు, ఆకుకూరలు, కొద్దిపాటి నడకతో తగ్గకపోతే ఆమెను చూస్తున్న డాక్టరే గర్భిణులకు సరిపడే మందు రాస్తారు.

జవాబు: స్టాఫ్ నర్సు, ఇచ్ఛాపురం

మీ నాన్నగారు ఆ సీసా మూత తీయకపోవడం ఎంతో మంచిదైంది, అక్కా. ఉద్దానంలో కారణం తేలని కిడ్నీ వ్యాధితో ఎన్ని ఇళ్లు నలిగిపోయాయో మీకు నేను చెప్పనవసరం లేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చే రోగులను రోజూ చూస్తున్నదానిని కనుక గట్టిగా చెబుతున్నాను. క్రియాటినిన్ పెరిగినవారికి కిడ్నీలను శుభ్రం చేసే రసం అంటూ ఏదీ లేదు. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గితే, అప్పటికే బలహీనంగా ఉన్న కిడ్నీలు ఇంకా త్వరగా దెబ్బతింటాయి. కలబంద జాతి మొక్కల ఎండు పసరును ఎక్కువ మోతాదులో తీసుకున్నవారికి కిడ్నీలు ఉన్నట్టుండి పనిచేయడం మానేసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. క్రియాటినిన్ పెరిగినవారి ఒంట్లో పొటాషియం ఒకసారి ఎక్కువగా, మరొకసారి తక్కువగా ఉండవచ్చు. దేనిలో ఎంత ఉందో తెలియని రసం పోస్తే డాక్టరు వేసిన లెక్క అంతా తప్పిపోతుంది. ఆయన ఏ నొప్పి మాత్రలైనా, పసర్లైనా వాడుతుంటే వాటి పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు తీసుకెళ్లండి.

ఇక కాలిన గాయాల గురించి నాకు తెలిసినది చెబుతాను. మీ అమ్మాయికి మేలు జరగడం నిజమే, కాని కలబంద కన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. కాలిన చోటును వెంటనే కుళాయి కింద, మామూలు చల్లని నీటి ధార పడేలా 20 నిమిషాలు ఉంచాలి. మంచు గడ్డ, టూత్‌పేస్టు, సిరా, పేడ వంటివి ఏవీ పెట్టకూడదు. గాజులు, ఉంగరాలు ఉంటే వాపు రాకముందే తీసేయాలి. ఆ తరువాత, చర్మం ఎర్రబడడం లేదా చిన్న బొబ్బ వరకే ఉంటే, తేట గుజ్జు పూయవచ్చు. 2007లో అప్పటివరకు జరిగిన నాలుగు పరిశోధనలను, మొత్తం 371 మంది రోగుల వివరాలను కలిపి చూసినప్పుడు, కలబంద వాడినవారికి కాలిన గాయాలు ఇతరులకన్నా సుమారు 9 రోజులు ముందుగా మానినట్లు తేలింది. ఆ పరిశోధనలు చిన్నవి, ఒక్కొక్కటి ఒక్కో రకం మందుతో చేసినవి. అయినా పైపైన కాలిన గాయం విషయంలో ఈ మొక్కకు కొంత బలమైన ఆధారం ఉందనే నేను అనుకుంటున్నాను.

అలాగని అన్ని గాయాలకూ పూయడం తప్పు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, సిజేరియన్ కుట్లు విడిపోయి లోతుగా పుండు పడిన ఒక తల్లికి, ఇంటివారు మాకు చెప్పకుండా కట్టు విప్పి కలబంద గుజ్జు పెట్టేవారు. రోజూ కట్టు మార్చేటప్పుడు గాయం అంచులు తెల్లగా నానిపోయి, ఆకుపచ్చని తొక్క ముక్కలు లోపల కనిపించేవి. అసలు సంగతి తెలియడానికి మాకు పది రోజులు పట్టింది. ఆ పిల్ల పాలివ్వడానికి కూడా ఒత్తిగిలలేక ఏడ్చిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. సరిగ్గా ఇటువంటి గాయాల మీదే 1991లో అమెరికాలో ఒక పరిశోధన ప్రచురించారు. మామూలు చికిత్సతో సగటున 53 రోజుల్లో మానిన గాయాలు, కలబంద గుజ్జు కలిపినప్పుడు 83 రోజులు తీసుకున్నాయి. కనుక లోతైన గాయం, శస్త్రచికిత్స కుట్లు, మధుమేహం ఉన్నవారి కాలి పుండు, అరచేతికన్నా పెద్దగా కాలినది, ముఖం మీద కాలినది, వీటిలో దేనికీ ఇంటి కలబంద పనికిరాదు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జవాబు: ఉపాధ్యాయుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

పైన ఇద్దరూ చెప్పిన వాటికి ఒక ముఖ్యమైన విషయం కలపాలి. మనం కలబంద అని పిలుస్తున్నది నిజంగా కలబందేనా అన్నది ముందు చూసుకోవాలి. మా వైపు మరాఠీవారు కలబందను కోర్ఫడ్ అంటారు, పొలం గట్ల మీద కంచెగా పెంచే నారమొక్కను ఘాయపాత్ అంటారు. వారికి రెండు పేర్లు ఉండడం వల్ల పొరపాటు తక్కువ. మన తెలుగువారిలో చాలామంది ఆ రెండవదానిని కూడా కలబంద అనే అంటారు, కొన్నిచోట్ల మాత్రమే కిత్తనార అని, రాకాసి మట్టలని వేరుగా పిలుస్తారు. మూడేళ్ల క్రితం ఎండాకాలంలో మెడ మీద చెమటకాయలు పేలితే, ఊరి చివర గట్టు మీది పెద్ద మొక్క నుంచి మట్ట కోసి రాసుకున్నాను. పది నిమిషాల్లో సూదులతో పొడిచినట్లు మంట, తరువాత ఎర్రని దద్దుర్లు వచ్చి వారం రోజులు చొక్కా కాలరు తగిలితే ఓర్చుకోలేకపోయాను. నేను కోసినది కిత్తనార. దాని రసంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల ఆకారంలో ఉంటాయి, అవే చర్మంలో గుచ్చుకుంటాయి.

రెండింటినీ గుర్తుపట్టడం కష్టం కాదు. కిత్తనార మట్ట కొసన గట్టి నల్లని ముల్లు ఉంటుంది, చేతికి గుచ్చుకుంటే రక్తం వస్తుంది. మట్టను విరిస్తే లోపల పీచు పొడుగ్గా సాగుతుంది, తాళ్లు పేనేది ఆ పీచుతోనే. కలబంద ఆకు కొస మెత్తగా ఉంటుంది, అంచుల మీది పళ్లు చిన్నవి, లేతవి. విరిస్తే పీచు ఉండదు, గుజ్జు తీగలా సాగుతుంది. కలబంద ఏటా పొడవైన కాడకు పసుపు పూలు పూస్తుంది. కిత్తనార ఎన్నో ఏళ్లకు ఒక్కసారి చెట్టంత కాడ వేసి పూసి, ఆ తరువాత ఎండిపోతుంది. పిల్లలకు బడి తోటలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను.

మీ గుమ్మానికి కట్టిన మొక్క మట్టి, నీరు లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండడానికి కారణం కూడా చెబుతాను. చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలిని తీసుకుంటాయి, ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. కలబంద రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరుస్తుంది, కార్బన్ డయాక్సైడును ఆమ్లంగా దాచుకొని పగలు వాడుకుంటుంది. ఆకులో దాచిన నీటితోనే అన్ని నెలలు గడిపేస్తుంది. అరేబియా ద్వీపకల్పపు ఎండలకు తట్టుకున్న మొక్క కనుక మన ఎండలు దానికి లెక్క కాదు, నీరు నిలిస్తేనే వేరు కుళ్లుతుంది. ఎర్రమట్టిలో ఇసుక కలిపి, పైమట్టి పూర్తిగా ఆరాకే నీరు పోయండి. మందుకు కోసేటప్పుడు మధ్యలోని లేత ఆకులను ముట్టకుండా, అడుగున ఉన్న ముదురు ఆకులనే కోయాలి. మొదట్లో పుట్టే పిలకలను వేరుచేసి నాటితే మరో మొక్క కొనవలసిన పని ఉండదు.

జవాబు: ఆయుర్వేద వైద్యుడు, రాయగడ

ఫార్మసిస్టు గారు రాసినదానితో నేను ఏకీభవిస్తున్నాను. మా శాస్త్రం కూడా వేరే మాట చెప్పడం లేదని మనవి చేసుకోవాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పరగడుపున రసం తాగమనేవారు ఆయుర్వేదం పేరు చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది. కలబందను మేము కుమారి, ఘృతకుమారి అంటాము. 16వ శతాబ్దపు భావప్రకాశంలో దీనికి చెప్పిన మొదటి గుణం భేదని, అంటే విరేచనకారి అని. చల్లదనం, చేదు అటు తరువాత వస్తాయి. కాలిన గాయాలకు, చర్మవ్యాధులకు, కాలేయ, ప్లీహ వృద్ధికి అది పనికివస్తుందని అక్కడే చెప్పారు. విరేచనకారి అన్న మాట మొదటే ఉన్న మందును బలహీనులకు, వృద్ధులకు, గర్భిణులకు ఆలోచించకుండా ఇవ్వకూడదన్నది మా ప్రాథమిక పాఠం. నెలసరి సరిగా రానివారికి ఇచ్చే రజఃప్రవర్తినీ వటిలో ఉండే ముఖ్యద్రవ్యాలలో ఒకటి ఈ ఎండు పసరే. ఆ పేరు చూసినా గర్భిణులకు ఎందుకు వద్దో తెలుస్తుంది.

కుమార్యాసవం గురించి చాలామంది అడుగుతారు. అది పచ్చి రసం కాదు; కలబంద రసంలో బెల్లం, తేనె, లోహభస్మం, అనేక మూలికలు చేర్చి పులియబెట్టిన ఆసవం. బెల్లం, తేనె ఉన్నాయి కనుక మధుమేహం ఉన్నవారు తమంతట తాము కొని తాగకూడదు. మీ అత్తగారికి మలబద్ధకమే అసలు బాధ అయితే, ఆవిడ భోజనం, నీరు, మాత్రలు అన్నీ చూశాకే ఏ వైద్యుడైనా మందు నిర్ణయించాలి. కొన్ని మాత్రల వల్ల కూడా మలబద్ధకం వస్తుంది.

బయటి వాడకంలో మాత్రం నేను నిశ్చింతగా చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎండకు కమిలిన చర్మానికి, పొడిబారి దురద పెట్టే చర్మానికి, పైపైన కాలినదానికి పసరు కడిగేసిన గుజ్జు మంచిది. ముసాంబరాన్ని అరగదీసి బెణుకులకు, దెబ్బ తగిలి వాచిన చోట పట్టు వేయడం మన ఇళ్లలో ఉన్న పాత అలవాటే. చర్మం చిట్లని చోట వేసుకోవచ్చు. సోరియాసిస్ (పొలుసులు రాలే చర్మవ్యాధి) మీద 1996లో 60 మందితో చేసిన ఒక పరీక్షలో కలబంద క్రీము ఎంతో మేలు చేసినట్లు వచ్చింది. 2005లో డెన్మార్క్‌లో మరో పరీక్ష చేస్తే మందు లేని ఉత్త క్రీము కన్నా మెరుగని తేలలేదు. అందువల్ల సోరియాసిస్ ఉన్నవారు వాడుతున్న మందు మానేసి దీని మీదే ఆధారపడకూడదు. జుట్టుకు రాస్తే మెత్తబడుతుంది, మాడు చల్లబడుతుంది. బట్టతల మీద వెంట్రుకలు మొలిపించే గుణం దీనికి లేదు.

వాడే పద్ధతి. ఆకును కోసి పావుగంట గ్లాసులో నిలబెట్టాలి, పసరు దిగాక బాగా కడగాలి. రెండు వైపులా ముళ్ల అంచు చెక్కి, పైతొక్కను మందంగా తీసి, గుజ్జు ముద్దను మరోసారి నీటిలో కడగాలి. ఇంకా పసుపు జాడ ఉంటే ఆ భాగాన్ని కోసి పారేయాలి. మొదటిసారి వాడేవారు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూడాలి. ఒకసారి తీసిన గుజ్జును గంటల తరబడి బయట ఉంచకూడదు, త్వరగా పాడవుతుంది. రోజుకు కావలసినంత ముక్కే కోసి, మిగతా ఆకును ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు మూడు రోజులు వాడుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారి నుంచి: పర్లాకిమిడి గృహిణి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఫార్మసిస్టు గారు చెప్పినట్లే నిన్న ఒక ఆకు కోసి గాజు గ్లాసులో నిలబెట్టి, అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టాను. పావుగంటకు గ్లాసు అడుగున చెంచాలో సగం వరకు పసుపు పసరు చేరింది. ఆవిడ ఒక చుక్క వేలితో తీసి నాలుకకు తాకించుకొని, ఇదా నేను మూడు రోజులు తాగింది అని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ తరువాత వీధిలోని ఒడియా పెద్దావిడను కూడా పిలిపించి అదే గ్లాసు చూపించారు. ఆవిడ ఎంతో నొచ్చుకున్నారు. వారి పుట్టింట్లో పెద్దవారు ఆకును కోసి రాత్రంతా వాల్చి ఉంచి, మర్నాడు లోపలి గుజ్జును మాత్రమే తీసేవారని, ఆ సంగతి తనకు ఇప్పుడు గుర్తుకు వచ్చిందని చెప్పారు.

అత్తగారి రక్తపరీక్షలో పొటాషియం మామూలు స్థాయికన్నా కొద్దిగా తక్కువగా ఉంది. డాక్టరు గారు ఒక మాత్ర మార్చి, వారం తరువాత మళ్లీ పరీక్ష చేయించమన్నారు. నాన్నగారి సీసాను మా తమ్ముడు దుకాణానికి తిరిగి ఇచ్చేశాడు. నాన్నగారు వాడే మందుల పేర్లన్నీ కాగితం మీద రాయిస్తుంటే, మోకాళ్ల నొప్పులకు ఆయన రెండేళ్లుగా సంతలో కొని మింగుతున్న మాత్రల పొట్లం ఒకటి బయటపడింది. నర్సు గారూ, ఆ పొట్లం మీద పేరు లేదు. దానిని అలాగే తీసుకెళ్లి చూపిస్తే సరిపోతుందా, లేక మాత్రను పరీక్షకు ఇవ్వవలసి ఉంటుందా?

జవాబు: స్టాఫ్ నర్సు, ఇచ్ఛాపురం

అలాగే పొట్లంతో సహా తీసుకెళ్లండి, అక్కా. ఈలోగా ఆ మాత్ర ఒక్కటి కూడా వేసుకోనివ్వకండి. నొప్పి మాత్రల్లో చాలా రకాలు కిడ్నీలకు హాని చేస్తాయి. ఎప్పటి నుంచి, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో కూడా కాగితం మీద రాయండి. కిడ్నీ డాక్టరు గారు మొదట అడిగేది అదే.